గోడలోపలి కేబులు

ఇల్లు కట్టించువారు ద్వారబంధమునకు టేకు కావలయునా, వేప చాలునా యని దినముల తరబడి విచారింతురు. గోడలో దాగియుండు నెట్‌వర్కు కేబులును గూర్చి మాత్రము క్షణమైనను ఆలోచింపరు. నేనును అట్లే చేసితిని. మా వీధిగుమ్మము కడ కెమెరా పెట్టించునపుడు చౌకగా దొరకిన కేబులును కొంటిని. రెండేండ్లలో కెమెరా మూతపడినది. గోడ త్రవ్వించి కేబులు త్రుంచి చూడగా, తీగలకు పైన రాగిపూత, లోపల అల్యూమినియము! వెలలో మిగిలిన దానికంటె గోడ పూడ్పించుటకైన వ్యయమే యెక్కువ.

గాలిలో వచ్చు వైఫై యుండగా కేబులేల యందురేమో. ఆ వైఫై పెట్టెకును వెనుక కేబులే యాధారము.

కావున మొదటి నియమము: లోని తీగలు సంపూర్ణముగా రాగివై యుండవలెను. అల్యూమినియమునకు విద్యున్నిరోధము హెచ్చు. వంచినచో త్వరగా విఱుగును. కెమెరాలకు సమాచారముతోపాటు విద్యుత్తును గూడ ఆ కేబులే మోయునపుడు, నిరోధమువలన తీగ వేడెక్కును. కొసకు చేరు శక్తి తగ్గును. అంగడిలోనే తీగ కొనను చాకుతో గీకి చూడుడు. తెల్లగా కనబడినచో కొనకుడు.

ఇక తరగతుల మాట. కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలివేయబడి యుండును. వెలుపలి యలజడి జతలోని రెండు తీగలపైనను ఇంచుమించు సమానముగా పడుటచే, కొసయందు అది కొట్టివేయబడును. ఈ యుపాయమునకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు పొందెను. క్యాట్ 5ఇ యను తరగతి 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్టు మోయును. క్యాట్ 6 అంతదూరము అంతే మోయును గాని, సుమారు 55 మీటర్ల లోపల 10 గిగాబిట్లు మోయగలదు. క్యాట్ 6ఏ ఆ 10 గిగాబిట్లను 100 మీటర్ల వరకు కొనిపోవును. అది లావైనది గనుక వెడల్పైన గొట్టము వలయును.

సామాన్య గృహములో ఒక్కొక్క కేబులు 55 మీటర్లు దాటుట యరుదు. కనుక క్యాట్ 6 చాలును. పెద్ద కార్యాలయములకును, ఆసుపత్రులకును క్యాట్ 6ఏ తగినది. రెండు భవనములను కలుపుటకు ఫైబరు మేలు. అందు వెలుగే సమాచారమును మోయును. లోహము లేని ఫైబరు కేబులు పిడుగుపాటు విద్యుత్తును ఒక భవనమునుండి వేఱొకదానికి కొనిపోదు.

కరెంటు తీగలున్న గొట్టములో ఈ కేబులును దూర్పనీయకుడు. కడపటి మాట: గోడ పూడ్పించుటకు మున్ను ప్రక్కనే మఱియొక ఖాళీ గొట్టమును అమర్చి, అందొక గట్టి దారమును విడువుడు. రేపటి కేబులు ఎట్టిదైనను, మన మనుమలు గోడ పగులగొట్టకయే దానిని లాగికొందురు.