ఆటలోని నేలకు కొలబద్ద

నేటి వీడియో ఆటలలో పట్టణాలు, పర్వతాలు, సముద్రతీరాలు గల విశాల ప్రదేశాలు కనిపిస్తున్నవి. ఆ ప్రదేశమే నిజమైతే దాని వైశాల్యమెంత? ఇది కేవలం కాలక్షేపపు ప్రశ్నవలె తోచవచ్చును గాని, దీని సమాధానం భూమిని కొలిచే శాస్త్రంలోనే ఉన్నది.

ఆ శాస్త్ర చరిత్రలో మన విశాఖపట్నానికి స్థానం కలదు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేలో 1862-63లో విశాఖపట్నం పేరిట ఒక ఆధారరేఖను కొలిచారు. పది అడుగుల లోహపు కడ్డీలను వరుసగా పేర్చుతూ ఒక్క సరళరేఖను అతి జాగ్రత్తగా కొలవడం, తక్కిన దూరాలను కోణాల సహాయంతో గణించడం ఆనాటి పద్ధతి. ఆటలోని నేలకైనా ముందుగా ఒక్క రేఖ పొడవు తేలవలెను.

మరి అక్కడ గజమేది? ఉర్దూలోని ‘గజ్’, తెలుగులోని ‘గజం’ ఒకే మాట. ఆటలో మనకు గజం మానవదేహమే. ఆటలోని మనిషి ఎత్తు 1.75 మీటర్లనుకొందాము. అతడు సెకనుకు తన ఎత్తుకు రెండింతలు పరుగెత్తితే వేగం 3.5 మీటర్లు. తిన్నని బాటపై 10 నిమిషాలలో 2,100 మీటర్లు పోవును. పటంలో ఆ బాట 3 సెంటీమీటర్లయితే, ఒక సెంటీమీటరు 700 మీటర్లకు సమానం. ఒక చదరపు సెంటీమీటరు 0.49 చదరపు కిలోమీటరు. 10 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు గల పటం 39.2 చదరపు కిలోమీటర్లగును. అందులో సగం సముద్రమైతే భూభాగం 19.6 మాత్రమే.

ఇందు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది బాట ఎంపిక. మూడు వైపుల కొండలు, నాల్గవ వైపు బంగాళాఖాతం గల యారాడకు పోయే ఘాట్ రోడ్డును తలచుకొనండి. మలుపుల దారిని సరళరేఖగా లెక్కించినచో నేల లేనంత పెద్దదై కనిపించును. తీరపు ఇసుకపై తిన్నగా నడిచిన దూరమే నమ్మదగినది.

రెండవది గడియారం. 2004లో వెలువడిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’లో ఒక దినం మన 24 నిమిషాలే. ఆ గడియారంతో లెక్కిస్తే పొడవు 60 రెట్లు, వైశాల్యం 3,600 రెట్లు పెరుగును.

మూడవది, పొరపాటు కూడా వర్గమగును. పొడవును నూటికి 10 వంతులు ఎక్కువగా అంచనా వేస్తే వైశాల్యం 21 వంతులు ఎక్కువగును.

1996నాటి ‘డాగర్‌ఫాల్’ ఆటలోని ప్రపంచం గ్రేట్ బ్రిటన్ అంతటిదని నిర్మాతలు చెప్పుకొన్నారు. తరువాత లెక్కించగా అది సుమారు 1,61,600 చదరపు కిలోమీటర్లని తేలినది. అనగా 2014 విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు సమానం!

కొలబద్ద చెప్పని అంకె కొలత కాజాలదు. ఆటలో మోసపోతే నష్టమేమీ లేదు. పటం చూపి స్థలాలమ్మే లోకంలో ఇల్లు గుల్లగును. కనుక “ఎంత?” అని అడిగిన వెంటనే “దేనితో కొలిచారు?” అని కూడా అడుగుట విద్యార్థి ధర్మం.