పొగగొట్టం మూసే ముందు



ఒక వానాకాలం కట్టంగూర్‌లో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన ఒక గిన్నె పెట్టి ఉంది. పాత పొగగొట్టంలో నుండి వాన చుక్కలు అందులో పడుతున్నాయి. "గ్యాసు వచ్చినకాడి నుంచి ఇది ఉత్తదే అయ్యగారూ! బిడ్డ కాన్పుకు వచ్చేలోపల పీకేసి, బొక్క పూడిపిస్తం" అన్నది ఆ తల్లి.

మంచి ఆలోచనే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక మన పల్లెల్లో ఎన్నో కట్టెల పొయ్యిలు ఆరాయి. పనిలేని గొట్టం వానకూ, తేళ్ళకూ దారి. అయితే ముందుగా మూడు సంగతులు ఆలోచించాలి.

మొదటిది: ఆ ఇంట్లో నిప్పు నిజంగా మానేశారా? సిలిండరు అయిపోయిననాడు కట్టెలు, చలికాలంలో నీళ్ళ కాగు అక్కడే పెడుతుంటే గొట్టం మూయవద్దు. బాలింత మంచం కింద కుంపటి మరీ ప్రమాదం. బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత దాని గుర్తులు. నిద్రపోయేవారికి అవీ తెలియవు. గొట్టం ఉన్నా లేకున్నా, తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టనే కూడదు.

రెండవది: గొట్టం దేనితో చేసినది? సిమెంటు రేకు లాంటిదైతే అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాని దుమ్ము పీల్చితే ఏళ్ళ తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరు రావచ్చు. ముక్కుకు కట్టిన తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. రంపంతో కోయకుండా, సుత్తితో పగలగొట్టకుండా, బాగా తడిపి నిలువునా ఊడదీయించండి. పిల్లలను దూరంగా ఉంచండి.

మూడవది: పూడ్చే పద్ధతి. స్లాబు అయితే మసి గీకి, అంచులు గరుకు చేసి, తడిపి, సిమెంటు పాలు పూయాలి. కింద చెక్క ఆనించి సన్న కంకర కాంక్రీటు నింపాలి. పైన నీరు జారేలా వాలు పెట్టి, కనీసం ఏడు రోజులు తడపాలి. పెంకుటిల్లు అయితే కొత్త పెంకు వేస్తే చాలు. తరువాత కిటికీ మాత్రం మూయకండి. గ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే నేలమీదనే పరచుకుంటుంది.

ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టమని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. ఇంటివారి ప్రాణం ఇల్లు కట్టినవాని బాధ్యత అని దాని భావం.

ఆ ఇంట్లో నీళ్ళ కాగు వాకిట్లోకి మారింది. కుంపటి మానేశారు. ఆ తరువాతనే మేస్త్రి వచ్చాడు.