కథలు కలసిన చోటు

ఖమ్మము జిల్లాలో నేలకొండపల్లి యను గ్రామము కలదు. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధికెక్కిన కంచెర్ల గోపన్న జన్మస్థలము అదియే. ఆ గ్రామ సమీపమున పెద్ద మట్టిదిబ్బ యొకటి యున్నది. దానిని విరాటరాజు దిబ్బ యందురు. పాండవులు అజ్ఞాతవాసము గడపిన విరాటనగరము అదియేననియు, భీముడు కీచకుని వధించినది అచ్చటనేననియు ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుచుందురు. అచ్చటి నుండి బయలుదేరి, అడవిదారిని గోదావరి యొడ్డునకు చేరినచో భద్రాచలము కానవచ్చును. ఇంకను ముందునకు సాగి దుమ్ముగూడెము దాటిన పిదప పర్ణశాల వచ్చును. సీతారామలక్ష్మణులు వనవాసకాలమున నివసించిన తావు అది యని స్థలపురాణము. సీతాదేవి నారచీర లారవేసిన రాతిగుర్తులను, ఆమె పసుపు కుంకుమలు నూరుకొన్న రాళ్లను అచ్చటివారు యాత్రికులకు చూపుదురు. ఈ విధముగా ఒక్కనాటి ప్రయాణములో యాత్రికుడు ద్వాపరయుగము నుండి త్రేతాయుగమునకు పోవును. నడుమ గోలకొండ సుల్తానుల కాలమును కూడ దాటును.

ఒక కథలోని పాత్ర మరియొక కథలోనికి నడచి వచ్చుటయు, పెక్కు కథలు ఒకే లోకమున జరిగినట్లు కల్పించుటయు నేటి టెలివిజను ధారావాహికలలో మిక్కిలి వాడుకలో నున్న పద్ధతి. తెలుగు ధారావాహికలలో ఒక కథలోని కుటుంబము మరియొక కథలోని పెండ్లికి విచ్చేయుట, రెండు కథలను ముడివేసి కొన్ని దినములు కలిపి ప్రసారము చేయుట కలదు. దానిని మహాసంగమమని గొప్పగా ప్రకటింతురు. ఇది పరదేశముల నుండి వచ్చిన కొత్త నేర్పని తలచువారు లేకపోలేదు. టెలివిజను పరదేశమునుండి వచ్చినదే. ఈ నేర్పు మాత్రము భారతమంత పాతది.

భారతములోని అరణ్యపర్వమును చూడుడు. ద్రౌపది కోరిన సౌగంధిక పుష్పములకై భీముడు అడవిని పెకలించుకొనుచు పోవుచుండెను. త్రోవలో ముసలి కోతి యొకటి అడ్డముగా పరుండి యుండెను. తోక తొలగించుమని భీముడు గద్దించెను. నీవే తొలగించుకొని పొమ్మని అది పలికెను. భీముడు ఎంత బలము చూపినను ఆ తోక కదలలేదు. ఆ వానరుడు రామాయణములోని హనుమంతుడే. ఇద్దరును వాయుపుత్రులు గనుక అన్నదమ్ములు. ఒక కథలోని మహావీరుడు వేరొక కథలోని మహావీరుని ఎదుర్కొనునప్పుడు కవికి కలుగు చిక్కు ఇచ్చట స్పష్టముగా కానవచ్చుచున్నది. భీముడు ఓడినచో భారతము విన్నవారికి కష్టము. హనుమంతుడు ఓడినచో రామాయణము విన్నవారు సహింపరు. వ్యాసుడు పోరు లేకుండ, తోకతోనే పని ముగించెను. ఓడినను అన్నచేతిలో ఓడుట గనుక భీమునకు చిన్నతనము లేదు. పైగా యుద్ధకాలమున అర్జునుని ధ్వజముపై నిలిచి సింహనాదము చేయుదునని హనుమంతుడు మాట యిచ్చెను. అందుచేత ఆ కలయిక ఒక్క పూటతో ముగిసిన వినోదము గాక, కురుక్షేత్రము వరకు పనికివచ్చిన యేర్పాటైనది.

ఇట్టి కలయికకు కాలము మొదటి ఆటంకము. రాముడు త్రేతాయుగమువాడు, పాండవులు ద్వాపరమువారు. దీనిని దాటుటకు పురాణకర్తలు చిరంజీవులను వంతెనగా చేసికొనిరి. పరశురాముడు సీతాకల్యాణానంతరము రాముని ఎదుర్కొనెను. భారతమున భీష్మునితో పోరాడెను, కర్ణునకు అస్త్రవిద్య నేర్పెను. రావణునకు పిల్లనిచ్చిన మామ మయుడు. ధర్మరాజునకు మయసభ కట్టియిచ్చినవాడును మయుడే. జాంబవంతుని కథ భాగవతమున నున్నది. శ్యమంతకమణికై గుహ ప్రవేశించిన శ్రీకృష్ణునితో అతడు 28 దినములు పోరాడి, తుదకు తనతో పోరుచున్నవాడు తన రాముడేనని గుర్తించి, మణితోపాటు కుమార్తెయైన జాంబవతిని ఇచ్చెను. ఈ సన్నివేశము అన్నిటికంటె అందమైనది. ఇందు పాత పాత్ర కొత్త కథలోనికి వచ్చి ఊరక పోలేదు. రెండు కథల నాయకుడు ఒక్కడేనన్న సంగతి వీరి పోరువలననే వెల్లడియైనది.

మరియొక ఉపాయము కూడ కలదు. భారతముననే మార్కండేయ మహర్షి ధర్మరాజునకు రామకథను వినిపించెను. తనవలె అడవులపాలైనవాడు, భార్యను పరులు అపహరింపగా దుఃఖించినవాడు మున్నెవడైన నుండెనా యని ధర్మరాజు అడుగగా, ఋషి రామోపాఖ్యానము చెప్పెను. అనగా ధర్మరాజునకు రాముడు కథలోని కల్పితపాత్ర కాడు, తనకు ముందు బ్రతికిన రాజు. ఇంతకంటె గట్టిగా రెండు కథలను ఒకే లోకములో నిలుపుట సాధ్యము కాదు.

తెలుగు నాటకకర్తలు ఈ పద్ధతిని మరింత సాహసముతో వాడిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి గయోపాఖ్యానము రంగస్థలమున అనేక సంవత్సరములు ప్రదర్శింపబడినది. ఆకాశమున పోవుచున్న గయుడను గంధర్వుని ఉమ్మి శ్రీకృష్ణుని దోసిట పడెను. కృష్ణుడు వానిని చంపుదునని శపథము చేసెను. తనను చంపదలచినవాడెవడో ముందు చెప్పక గయుడు అర్జునుని శరణు వేడెను. అభయమిచ్చిన పిదప గాని అర్జునునకు సంగతి తెలియలేదు. ఇక బావమరదులకు యుద్ధము తప్పలేదు. ఈ కథ 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధము పేర చలనచిత్రముగా వచ్చెను. రామునికిని ఆంజనేయునికిని యుద్ధము కల్పించిన నాటకమును ఇట్టిదే. అదియు 1975లో చలనచిత్రమైనది. ఈ రెండింటను ఒకే సూత్రము కలదు. ప్రజలు సమానముగా ప్రేమించు ఇద్దరిని పోరాడింపవలెను, ఎవరును చెడ్డవారు కారాదు, ఎవరును ఓడరాదు. కావున తగవునకు మూలము పొరపాటు కావలెను, తగవు తీర్చుటకు మూడవవారు రావలెను. నేడు రెండు ధారావాహికల నాయకులను ఒకచోట చేర్చు రచయిత కూడ ఈ త్రోవనే నడచుచుండుట గమనింపవచ్చును. మొదట అపార్థము, పిమ్మట పోరు, తుదకు ఇద్దరును కలసి ఉమ్మడి శత్రువును ఎదుర్కొనుట!

కె. వి. రెడ్డి గారి దర్శకత్వమున 1957లో వెలువడిన మాయాబజారు సంగతి వేరు. అందలి శశిరేఖ వ్యాసభారతమున లేదు. వ్యాసుని అభిమన్యుడు విరాటరాజు కుమార్తెయైన ఉత్తరను పెండ్లాడెను. అయినను ఘటోత్కచుడు మాయాశశిరేఖ రూపము దాల్చి చేసిన చేష్టలను చూచిన తెలుగువారికి శశిరేఖ లేని భారతము వెలితిగా తోచును. పాత లోకములో కొత్త పాత్రకు ఇట్లు చోటు దొరకుట మిక్కిలి అరుదు. లక్ష్మణరేఖయు అట్టిదే. వాల్మీకి రామాయణమున అది లేదు. తెలుగున రంగనాథ రామాయణమున కలదు. వాల్మీకిలో లేదని చెప్పినచో పర్ణశాలకు పోయివచ్చినవారు నమ్మరు.

పరదేశములలో ఈ పద్ధతి ఎట్లు పెరిగినదో కొంత తెలిసికొనదగును. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి రచయిత బాల్జాక్ తన నవలలన్నిటిని ఒకే సమాజపు కథలుగా అల్లెను. ఒక నవలలో ముఖ్యుడైనవాడు వేరొక నవలలో విందుకు వచ్చిన అతిథిగా కనబడును. అమెరికా టెలివిజనులో జాన్ మంచ్ అను అపరాధపరిశోధకుని పాత్ర 1993లో ఒక ధారావాహికలో మొదలై, అది ముగిసిన పిదప 1999 నుండి వేరొక ధారావాహికలో కొనసాగెను. నడుమ నడుమ ఇతర ధారావాహికలలోనికి కూడ తొంగిచూచెను. అన్నిటను ఆ పాత్రను ధరించిన నటుడు రిచర్డ్ బెల్జర్ ఒక్కడే.

ఆ దేశముననే జరిగిన వింత యొకటి కలదు. ఒక ఆసుపత్రిని గూర్చిన ధారావాహిక 1988లో ముగిసెను. తుదిదృశ్యమున ఒక బాలుడు గాజుగోళమును చేతబట్టి చూచుచుండును. ఆ గోళములో ఆసుపత్రి భవనపు బొమ్మ యుండును. అంతవరకు జరిగిన కథ యంతయు ఆ బాలుని ఊహయేమో యని ప్రేక్షకులకు తోచునట్లు ముగించిరి. అంతట కొందరు ప్రేక్షకులు తర్కము మొదలిడిరి. ఈ ఆసుపత్రి పాత్రలు ఫలానా ధారావాహికలో కనబడినవి గనుక అదియు బాలుని ఊహయే. దానిలోని పాత్ర ఇంకొకదానిలో కనబడినది గనుక అదియు ఊహయే! ఇట్లు గొలుసు పెంచుకొని పోయి అనేక ధారావాహికలను ఆ గాజుగోళములోనే పెట్టిరి. తమాషాగా నున్నను ఇది సరియైన తర్కము కాదు. ఒకడు కలలో హైదరాబాదును చూచినంత మాత్రమున హైదరాబాదు కల కాజాలదు.

ఈ తర్కదోషమును గోదావరి యొడ్డున కూడ పరీక్షింపవచ్చును. గోపన్నకు రామతారక మంత్రమును కబీరుదాసు ఉపదేశించెనని ప్రసిద్ధ కథ. 2006లో వచ్చిన శ్రీరామదాసు చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు గారు కబీరు పాత్ర ధరించిరి. కబీరు పదునైదవ శతాబ్దమువాడు. గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ తహశీలుదారు. వారు కలసికొనుట కాలగణనకు లొంగదు. అంతమాత్రమున గోపన్నయు కల్పితపాత్రయే యనుట తప్పు. గోపన్న ఉండెను గనుక కబీరు నిజముగా వచ్చెననుటయు తప్పే. హిందువులును మహమ్మదీయులును గౌరవించిన కబీరును, గోలకొండ సుల్తాను కొలువులోని రామభక్తుని చెంతకు తెచ్చిన కథకుని ఉద్దేశము మాత్రము తేటతెల్లముగా నున్నది.

గోలకొండను 1672 మొదలు 1687 వరకు పాలించిన అబుల్ హసన్ తానీషా చరిత్రపురుషుడు. సర్కారు పైకముతో గుడి కట్టించినందుకు గోపన్న చెరసాల పాలయ్యెను. అప్పుడు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో రాత్రివేళ సుల్తాను శయనాగారమునకు వచ్చి, ఆరు లక్షల మాడలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని కథ. దేవుడు దర్శనమిచ్చిన కథలు దేశమంతట కలవు. రసీదు అడిగి తీసికొన్న దేవుడు మాత్రము తహశీలుదారు కథలోనే కానవచ్చును.

ఇక ఈ అడవులలో తరతరములుగా నివసించుచున్న కోయల సంప్రదాయమును తలపకున్నచో విషయము సగమే చెప్పినట్లగును. కోయలలో కొందరు తమ వంశమూలమును భీమునితో ముడివేసి చెప్పుకొందురు. వనవాసమున భీముడు అడవికన్యను పెండ్లాడెననియు, తాము ఆ సంతతి వారమనియు వారి మాట. పుస్తకము చదివినవానికి ఇది హిడింబ కథవలె తోచును. చెప్పుకొనువారికి మాత్రము ఇది వేరొకరి కథలోనుండి తెచ్చుకొన్న తునక కాదు, తమ ఇంటి సంగతి. రాముని పర్ణశాలయు భీముని అత్తవారిల్లును ఒకే అడవిలో ఇరుగుపొరుగుగా నుండుటలో వారికి చిక్కేమియు కనబడదు.

నేలకొండపల్లి దిబ్బల దగ్గర మాత్రము చిక్కు కలదు. అచ్చట పురావస్తుశాఖవారి త్రవ్వకములలో బౌద్ధస్తూపము, బుద్ధవిగ్రహములు బయల్పడినవి. విరాటుని మత్స్యదేశము నేటి రాజస్థానమున నుండెనని చరిత్రకారుల అభిప్రాయము. పంచవటి తమదేనని మహారాష్ట్రములోని నాసికవారును చెప్పుదురు. విరాటుని కథను మాత్రమే చెప్పి స్తూపమును విడిచినచో, అచ్చట నిజముగా ఇటుకలు పేర్చి ప్రార్థించిన మనుష్యులు మరుగున పడుదురు. స్తూపమును మాత్రమే చెప్పి కథను త్రోసివేసినచో, ఆ దిబ్బను దున్నివేయక కాపాడుకొనివచ్చిన పేరు పోవును. అచ్చటికి పోయిన విద్యార్థి రెండింటిని వ్రాసికొని, ఏది త్రవ్వకమున దొరకినదో, ఏది నోటిమాటగా వచ్చినదో వేర్వేరుగా గుర్తించుట మేలు.

భద్రాచలము 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాలో చేరెను. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. జటాయువు కూలిన తావని చెప్పు ఏటపాక ఇప్పుడు పొరుగు రాష్ట్రములో నున్నది. పర్ణశాల తెలంగాణములో నున్నది. శబరియే నదియై ప్రవహించుచున్నదని చెప్పు శబరి, గోదావరిలో కలియు కూనవరమును ఆంధ్రప్రదేశముననే కలదు. ఆ మండలములోని పల్లెలు ప్రాజెక్టు ముంపు జాబితాలోనివి. ఊరు తరలినప్పుడు ఇంటికి, పొలమునకు వెల కట్టుదురు. ఫలానా రాతికి ఫలానా కథ యని చూపిన వ్రేలు వేరొక చోటికి పోయిన పిదప, ఆ రాయి ఉత్త రాయియే.

భద్రాచలములో శ్రీరామనవమినాడు జరుగు కల్యాణమునకు ప్రభుత్వము తరఫున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము నేటికిని కలదు. తానీషా ఆరంభించిన ఆచారమిదియని చెప్పుదురు. గోలకొండ 1687లో ఔరంగజేబు వశమైనది; సుల్తాను బందీయై పోయెను. ఆతని పేరు మాత్రము సంవత్సరమున కొకమారు సీతారాముల పెండ్లిపందిటిలో, ముత్యములను తెచ్చు పళ్లెరముతోపాటు వినవచ్చుచున్నది.