గోదావరి జిల్లాలలో ట్రాన్స్‌జెండర్ స్త్రీల వస్త్రధారణ ఖర్చు

పుట్టినపుడు మగబిడ్డగా నమోదై, తరువాత స్త్రీగా జీవించే వ్యక్తిని ట్రాన్స్‌జెండర్ స్త్రీ అంటారు. అటువంటి వ్యక్తి స్త్రీగా జీవించుటకు చీరలు, జాకెట్లు, లోదుస్తులు, గాజులు, చెప్పులు, జుట్టు సామగ్రి మొదలైనవి సమకూర్చుకొనుటకు అయ్యే వ్యయమే ఈ వ్యాసవిషయం. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు పట్టణాలు గల గోదావరి డెల్టా ప్రాంతం ఇందులో ప్రధానంగా తీసుకొనబడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనకు పూర్వం ఈ పట్టణాలన్నీ తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనే రెండు జిల్లాలలోనే ఉండేవి.

2011 జనాభా లెక్కలలో మొదటిసారిగా స్త్రీ, పురుషులతో పాటు "ఇతరులు" అనే వర్గం చేర్చబడినది. దేశం మొత్తంమీద 4,87,803 మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఈ వర్గంలో నమోదైనారు. తమను స్త్రీలుగానే వ్రాయించుకొన్నవారు, ఇంటివారు పురుషులుగా వ్రాయించినవారు ఈ సంఖ్యలో చేరరు.

వస్త్రమే గుర్తింపు

హిజ్రా సమాజంలో దుస్తులకు ఎంతో ప్రాధాన్యం ఉన్నది. హైదరాబాదు హిజ్రాలపై పరిశోధన చేసిన గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన తన గ్రంథంలో, వారి రహస్య భాషలో చీర కట్టేవారికి ఒక పేరు, చీర కట్టనివారికి మరొక పేరు ఉన్నట్లు వివరించింది. అనగా చీర కట్టుట కేవలం అలంకారం కాదు, సమాజంలో ఒకరి స్థానాన్ని తెలిపే గుర్తు కూడా. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ" పేరుతో తెలుగులోకి అనువదించింది. ఈ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించినది.

తెలుగు నాటకరంగంలో పురుషులు స్త్రీ పాత్రలు ధరించుట చాలాకాలం సాగినది. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ మొదలైన పాత్రలతో ప్రఖ్యాతి పొంది 1956లో పద్మశ్రీ అందుకొన్నాడు. అయితే రంగస్థలంపై వేషం ప్రదర్శనతో ముగిసేది. ప్రేక్షకులు దానిని కళగా ఆదరించేవారు. ట్రాన్స్‌జెండర్ స్త్రీకి చీర వేషం కాదు, నిత్యం కట్టుకొనే బట్ట. కనుక రెండింటి ఖర్చునూ ఒకే విధంగా లెక్కించలేము.

చట్టం

స్త్రీ దుస్తులు ధరించుట ఒకప్పుడు శిక్షార్హమైన నేరంగా కూడా ఉండేది. 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో, నమోదైన హిజ్రాలు స్త్రీ దుస్తులతో బహిరంగ ప్రదేశాలలో కనిపిస్తే రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించే నిబంధన ఉన్నది. ఇదే తరహాలో నిజాం రాజ్యంలో 1919లో (1329 ఫసలీ) ప్రత్యేక చట్టం చేయబడినది. దీనిని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్నందున నిజాం చట్టం ఇక్కడ వర్తించలేదు.

2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తన లింగ గుర్తింపును దుస్తుల ద్వారా, మాట ద్వారా, నడవడి ద్వారా వ్యక్తం చేసుకొనుట రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పరిధిలోనికి వస్తుంది. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2020 జనవరి 10 నుండి అమలులోనికి వచ్చినది. ప్రజలందరికీ అందుబాటులో ఉండే వస్తువులు, సేవలు వీరికి నిరాకరించరాదని దాని 3వ సెక్షను చెప్పుచున్నది. బట్టల దుకాణం, దర్జీ దుకాణం కూడా ఈ కోవలోనివే.

పెట్టుబడి చీరలు

ఈ ఖర్చును అర్థం చేసుకొనుటకు ముందుగా ఒక విషయం గమనించవలెను. తెలుగు ఇండ్లలో ఒక స్త్రీ బీరువాలో ఉండే బట్టలన్నీ ఆమె కొనుక్కొన్నవి కావు. చిన్నతనంలో పట్టులంగాలు, ఓణీల వేడుకలో మేనమామ పెట్టే లంగా ఓణీ, పెండ్లిలో వచ్చే పట్టుచీరలు, పండుగలకు పుట్టింటివారు పెట్టే చీర, సారె, గృహప్రవేశాలకు బంధువులు ఇచ్చే పెట్టుబడి చీరలు, తల్లి, అమ్మమ్మ దాచి ఇచ్చిన పాత చీరలు ఈ విధంగా ఇరవై, ముప్పై ఏండ్లలో ఒక్కొక్కటిగా చేరుతాయి. గాజులు, కమ్మలు, పట్టీల విషయం కూడా ఇంతే.

ట్రాన్స్‌జెండర్ స్త్రీకి ఈ మార్గాలన్నీ సాధారణంగా మూసుకొనిపోయి ఉంటాయి. ఇల్లు విడిచి వచ్చినవారికి పుట్టింటి చీర రాదు. కనుక ఇతర స్త్రీలకు ఏళ్ళ తరబడి బంధువుల చేతుల మీదుగా అందేది ఈమె కొద్ది నెలలలో తన డబ్బుతో కొనుక్కోవలసి వస్తుంది. అదికూడా ఇల్లు, ఉద్యోగం పోగొట్టుకొన్న సమయంలోనే. హిజ్రా సమాజంలో గురువు తన చేలాకు చీర పెట్టే ఆచారం ఈ లోటును కొంత తీరుస్తుంది.

చీర, దానితో వచ్చే ఖర్చులు

చీర కుట్టని వస్త్రం కనుక శరీర కొలతలతో దాదాపు పనిలేదు. హార్మోను చికిత్సలో శరీరం మారినా అదే చీర కట్టుకొనవచ్చును. చుడీదారుకు, రెడీమేడ్ గౌనుకు ఈ సౌకర్యం లేదు. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి సుమారు ఆరుంబావు మీటర్లు ఉంటుంది. పన్నా సాధారణంగా 44 నుండి 48 అంగుళాల మధ్య ఉంటుంది. పొడగరులకు తక్కువ పన్నా చీర మడమల పైకి పోతుంది కనుక పన్నా చూచి కొనుట అవసరం.

ఈ ప్రాంతంలో రాజమహేంద్రవరంలోని తాడితోట మహాత్మాగాంధీ హోల్‌సేల్ వస్త్ర సముదాయం ప్రసిద్ధమైనది. అమలాపురం సమీపంలోని బండారులంక నేత చీరలకు పేరు పొందినది. కాకినాడ జిల్లాలోని ఉప్పాడ జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. వీటి పట్టు రకాల ధర వేల రూపాయలలో ఉంటుంది. నిత్యం కట్టుకొనుటకు మిల్లు నూలు, సింథటిక్ చీరలే ఎక్కువగా వాడతారు.

చీర ధర మాత్రమే చూస్తే అసలు ఖర్చు తెలియదు. లెక్క తెలియుటకు ఒక ఉదాహరణ తీసుకొందాము. చీర 500 రూపాయలనుకొనిన, ఫాల్, పీకోలకు 100, లోపలి లంగాకు 200, లైనింగుతో సహా జాకెట్టు కుట్టుకూలికి 350 అనుకొనిన మొత్తం 1,150 రూపాయలు అగును. ఇందులో చీర వాటా సగానికంటె తక్కువ. ఈ విధంగా ఆరు జతలకు 6,900 రూపాయలు కావలెను. లోదుస్తులు, చెప్పులు, గాజులు, జుట్టు దీనికి అదనం.

ఆది జాకెట్టు

జాకెట్టు కుట్టించుకొనే స్త్రీ తనకు సరిపోయిన పాత జాకెట్టును దర్జీకి ఇచ్చును. దీనిని "ఆది" అంటారు. మొదటిసారి జాకెట్టు కుట్టించుకొనే ట్రాన్స్‌జెండర్ స్త్రీ వద్ద ఆది ఉండదు. కాబట్టి దుకాణంలో నలుగురి ఎదుట శరీర కొలతలు ఇవ్వవలెను. భుజాలు వెడల్పుగా, ఛాతీ కొలత వేరుగా ఉండుట వలన రెడీమేడ్ జాకెట్లు తరచుగా సరిపోవు. ప్రశ్నలు, నవ్వులు ఎదురగునని భయపడి కొందరు దూరపు పట్టణానికి పోయి కుట్టించుకొంటారు. అప్పుడు ప్రయాణపు ఖర్చు కూడా జాకెట్టు ఖాతాలోనికే చేరుతుంది. అందుచేత ఒక్క మంచి దర్జీ దొరికితే ఆ సమాచారం ఒకరినుండి ఒకరికి చేరుతుంది.

హార్మోను చికిత్స మొదలుపెట్టినవారికి కొంతకాలానికి కొలతలు మారతాయి. కుట్టు లోపల రెండు వైపులా ఎక్కువ బట్ట వదిలించుకొంటే తరువాత విప్పి వదులు చేసుకొనవచ్చును. మొదటి సంవత్సరంలో ఎక్కువ జాకెట్లు కుట్టించుకొనకుండుట మంచిది.

గాజులు, చెప్పులు, సవరం

గాజుల కొలతలు 2-4, 2-6, 2-8, 2-10 అని చెప్పబడతాయి. రెండవ అంకె అంగుళంలో పదహారవ వంతులను తెలుపును. అనగా 2-4 గాజు లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు (సుమారు 57 మిల్లీమీటర్లు), 2-8 గాజుది రెండున్నర అంగుళాలు (63.5 మిల్లీమీటర్లు), 2-10 గాజుది సుమారు 66.7 మిల్లీమీటర్లు. దుకాణాలలో చిన్న కొలతలే ఎక్కువగా ఉంటాయి. అరచేయి ఎముకలు పెద్దవైనవారికి 2-10 లేదా అంతకంటె పెద్దవి వెదకవలెను. మట్టి గాజులకు, బొట్టుబిళ్ళలకు, కుంకుమకు 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడే పన్ను మినహాయింపు ఇవ్వబడినది. నగలలో మచిలీపట్నం సమీపంలోని చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ తక్కువ ఖర్చుతో దొరుకుతుంది.

స్త్రీల చెప్పులు పెద్ద కొలతలలో అరుదు. దొరకనివారు మగవారి చెప్పులలో సన్నని పట్టీలు గలవి ఎంచుకొంటారు, లేదా చెప్పులు కుట్టేవారిచేత చేయించుకొంటారు.

జుట్టు పెరుగుటకు సంవత్సరాలు పట్టును. అంతవరకు సవరం లేదా విగ్గు వాడతారు. ఏలూరు తలవెంట్రుకల వ్యాపారానికి పేరు పొందినది. నిజమైన వెంట్రుకల సవరం కృత్రిమ సవరంకంటె ఎక్కువ ధర పలికినా ఎక్కువ కాలం మన్నుతుంది.

రెండు జతల జీవితం

ఇంటిలోనే ఉంటూ తమ సంగతి బయటపెట్టనివారికి మరొక భారం ఉన్నది. ఇంటికి, పనికి ప్యాంటు, చొక్కాలు, వేరుగా స్త్రీ దుస్తులు కావలసి రెండు రకాలూ కొనవలెను. దాచుకొనుటకు చోటు కూడా కావలెను. ఇంటివారు చూచి చింపివేయుట, తగులబెట్టుట జరిగితే అంతా మొదటినుండి ప్రారంభించవలెను. భయంతో తామే పారవేసి, కొన్ని నెలలకు మరల కొనుక్కొనేవారు కూడా ఉంటారు. ఇట్లు ఒకే వస్తువుకు రెండుమూడుసార్లు డబ్బు పెట్టవలసి వస్తుంది.

ఆదాయం, ప్రభుత్వ సహాయం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నెలకు 1,500 రూపాయల పింఛను ప్రారంభించినది. ఇది క్రమంగా పెరిగి 2024 జూలై నుండి 4,000 రూపాయలు అయినది. పై ఉదాహరణలోని ఆరు జతల ఖర్చు ఒకటిన్నర నెలలకు పైగా పింఛనుతో సమానము. అద్దె, భోజనం, మందులు పోగా ఈ మొత్తం మిగులుట కష్టం. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఆరోగ్య బీమా పథకంలో సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు అవకాశం కల్పించబడినది. ఇది వైద్యానికే గాని వస్త్రాలకు కాదు.

వస్త్రానికి, జీవనోపాధికి దగ్గరి సంబంధం ఉన్నది. శుభ్రమైన, సరిగా అమరిన చీరతో ఉద్యోగానికి పోయే స్త్రీకి, సరిపోని జాకెట్టుతో ముడుచుకొని నిలబడే స్త్రీకి ఎదురయ్యే ఆదరణ ఒకటి కాదు. బట్టలు లేనందున పని దొరకదు, పని లేనందున బట్టలు రావు. ఈ వలయాన్ని ఛేదించుట మొదటి కొద్ది నెలలలోనే కష్టం.

ఖర్చు తగ్గించుకొనే పద్ధతులు

* ఏ చీరకైనా కలిసే నలుపు, ఎరుపు, బంగారు రంగు జాకెట్లు మూడు కుట్టించుకొని, అనేక చీరలకు వాడుకొనుట.
* లోపలి లంగాలను ముదురు రంగు ఒకటి, లేత రంగు ఒకటి చొప్పున ఉంచుకొనుట.
* ఆషాఢమాసపు తగ్గింపు ధరలలో కొనుట.
* ఒకసారి సరిగా కుదిరిన జాకెట్టును ఆదిగా భద్రపరచుకొనుట.
* వాయిదాల మీద చీరలు కొనేటపుడు మొత్తం ధరను రొక్కం ధరతో పోల్చి చూచుకొనుట.
* స్నేహితులు చీరలను మార్చుకొని కట్టుకొనుట. చీరకు కొలత లేదు కనుక ఇది సులభం.

కుటుంబం ఆదరించిన చోట ఈ ఖర్చు చాలావరకు తగ్గిపోతుంది. తల్లి పాత చీరలు, అక్క ఇచ్చిన గాజులు, ఇంటి దర్జీ, ఇవన్నీ ఇతర ఆడపిల్లలకువలెనే అందుబాటులోనికి వస్తాయి.