గుండె మాత్రలు వాడే తాతకు కొబ్బరినీళ్లు ఎందుకు వద్దంటారు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటేనే కొబ్బరితోటలు. కవిటి, సోంపేటల్లో బొండాలకు కొదవే లేదు. అలాంటిచోట గుండె వైఫల్యానికి మందులు వాడే కొందరిని డాక్టర్లు కొబ్బరినీళ్లు మానమంటారు. ఎందుకు?

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు, రక్తాన్ని చాలినంత పంపలేకపోవడం. అప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. ఆయాసం వస్తుంది. కాళ్లు వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఫ్యూరోసెమైడ్ మాత్ర ఆ నీటిని మూత్రంగా బయటికి పంపుతుంది. స్పైరనోలాక్టోన్, ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ను అడ్డుకుంటుంది. తీవ్రమైన గుండె వైఫల్యంలో ఇది మరణాలను 30 శాతం తగ్గించిందని 1999లో రేల్స్ అధ్యయనం తేల్చింది.

అయితే స్పైరనోలాక్టోన్ సోడియంను పంపేసి పొటాషియంను ఒంట్లోనే ఉంచుతుంది. గ్లాసుడు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యమైన కిడ్నీలు ఎక్కువైనదాన్ని బయటికి నెట్టేస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు ఆ పని చేయలేవు. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు.

పిల్లలూ! మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాత్రలు వాడుతుంటే పొటాషియం ఎంతుందో చూసే రక్తపరీక్ష తేదీ గుర్తుచేయండి. డాక్టరును అడగకుండా మాత్రలు మాననివ్వకండి.