నిలుపుట వేఱు, నింపుట వేఱు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పెదబయలు వంటి కొండ ఊళ్లలో రాగులు విసరించుకొనుటకు పిండిమర యొద్ద జనులు వరుసగా నిలుతురు. ఒకడు తన రాగులు పిండియైన పిదప సంచిని మర క్రిందనే విడిచి సంతలోనికి పోయెననుకొనుడు. మర తిరుగదు, వెనుకనున్నవానికి పిండి దొరకదు. విద్యుత్తుతో నడచు కారును ఛార్జింగు కేంద్రమున విడిచి పోవుటయు నిట్టిదే.

పెట్రోలు పోయించుకొనుట అయిదు నిమిషముల పని. విద్యుత్తు అట్లు కాదు. 30 యూనిట్లు పట్టు బ్యాటరీని 7 కిలోవాట్ల యంత్రము నింపవలెనన్న నాలుగు గంటలకు పైగా పట్టును. పెద్ద యంత్రములు త్వరగా నింపునుగాని, నూటికి 80 పాళ్లు నిండిన పిమ్మట బ్యాటరీ చెడకుండుటకై వేగము తగ్గిపోవును. చివరి 20 పాళ్లకై గంటకొలది కూర్చుండువాడు ఇతరుల కాలమునుగూడ వ్యయపఱచుచున్నాడు.

కావుననే రుసుములు రెండు విధములుగా నేర్పడినవి. మొదటిది నింపినందులకు. ఛార్జింగు చేయుట విద్యుత్తు నమ్ముట కాదు, సేవ మాత్రమే యని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిల్‌లో తెలిపినది. అందుచే ఇట్టి కేంద్రము పెట్టదలచినవారికి లైసెన్సు అక్కఱలేదు. 2024 నాటి మార్గదర్శకములు సూర్యరశ్మి గల పగటివేళ, అనగా ఉదయము 9 మొదలు సాయంత్రము 4 వఱకు, ఈ కేంద్రములకు విద్యుత్తు చౌకగా నుండవలెనని చెప్పుచున్నవి. రెండవది నిండిన పిదపయు కదలనందులకు. టెస్లా కంపెనీ 2016 డిసెంబరులో దీనిని ప్రవేశపెట్టినది. బండి నిండిన తరువాత నిమిషమునకింత యని లెక్కకట్టుదురు. అయిదు నిమిషములలో తీసినచో ఏమియు పుచ్చుకొనరు. ఇది లాభమునకై పెట్టినది కాదు, చోటు ఖాళీ చేయించుటకు పెట్టినది. నా యభిప్రాయమున ఇంతకంటె న్యాయమైన జరిమానా లేదు!

పెట్రోలు కారు వచ్చి ఛార్జింగు చోటున నిలిచినచో మఱింత అన్యాయము. మన దేశమున దానిని గుర్తించుట సులభము: 2018 నుండి విద్యుద్వాహనములకు ఆకుపచ్చని నంబరు పలక యుండవలెనని నియమము కలదు.

నగరమున ఒక యంత్రము దొరకనిచో మఱియొకదానికి పోవచ్చును. కొండదారిలో అట్లు వీలుపడదు. విశాఖ తీరము నుండి పాడేరు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. 1,500 కిలోల బండిని ఆ యెత్తునకు చేర్చుటకే, దారిలో పోవు శక్తిగాక, 3.7 యూనిట్లు కావలెను. రోగిని ఆసుపత్రికి గొనిపోవు కారైనను, అద్దెకు నడపుకొనువాని కారైనను, ఘాటు ఎక్కి వచ్చునప్పటికి బ్యాటరీ తగ్గియుండును. అప్పుడు కేంద్రమున నిండిన బండి యొకటి యజమాని లేక నిలిచియున్నచో చీకటిపడువఱకు వేచియుండవలసినదే.

దిగువకు పోవువారి కింకొక విశేషము కలదు. ఘాటు దిగునప్పుడు మోటారు బండి వేగము నాపుచు కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీలోనికి పంపును. బ్యాటరీ నూటికి నూఱు పాళ్లు నిండియున్నచో ఆ విద్యుత్తునకు అందు చోటుండదు. పెదబయలు నుండి పాడేరు మీదుగా చోడవరమునకు దిగదలచిన డ్రైవరు 80 పాళ్లతోనే తీగ విప్పి బయలుదేఱినచో, మిగిలిన దానిలో కొంత కొండయే నింపును.