బినోదినికి దక్కని పేరు

2024 డిసెంబరు 30న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ కోల్‌కతాలోని స్టార్ థియేటర్‌కు నటి బినోదిని పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. 1883లో ఇచ్చి తప్పిన మాట అది. అప్పుడెందుకు తప్పారన్న ప్రశ్న బోర్డు మారినంత మాత్రాన తీరదు.

బినోదిని దాసి 1863 ప్రాంతంలో కలకత్తాలో, సమాజం వెలివేసిన వేశ్యావాడలో పుట్టారు. ఆమె పేరు చివరి మాటే కులాన్ని చెబుతుంది. ఆనాటి బెంగాల్‌లో బ్రాహ్మణ స్త్రీలు 'దేవి' అనీ, శూద్ర కులాల స్త్రీలు 'దాసి' అనీ రాసుకునేవారు.

1873లో బెంగాల్ థియేటర్ స్త్రీ పాత్రలకు స్త్రీలనే తీసుకోదలచింది. 'మర్యాదస్తుల' ఇళ్ల నుంచి ఎవరూ రారు కనుక వేశ్యావాడల నుంచి తెచ్చుకుంది. వితంతు వివాహాల కోసం పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ సైతం ఇందుకు సమ్మతించక ఆ సంస్థకు దూరమయ్యారు. మరుసటి ఏడాదే బాలిక బినోదిని రంగస్థలం ఎక్కారు. గిరీశ్ చంద్ర ఘోష్ శిక్షణలో ఆ కాలపు మేటి నటిగా ఎదిగారు. 1884లో ఆమె చైతన్యుడి పాత్ర ధరిస్తే రామకృష్ణ పరమహంస చూసి ఆశీర్వదించారు.

అంతకు ముందు ఏడాదే బీడన్ వీధిలో కొత్త నాటకశాల లేచింది. డబ్బు పెట్టిన గుర్ముఖ్ రాయ్ షరతు ఒక్కటే: బినోదిని తనకు దక్కాలి. తోటి నటుల ఒత్తిడికి ఆమె ఒప్పుకున్నారు. నాటకశాలకు ఆమె పేరే పెడతామని వారు ఆశ చూపారు. తీరా రిజిస్ట్రేషన్‌లో 'స్టార్' అని రాయించారు. వేశ్య పేరున్న చోటికి పెద్దమనుషులు రారన్న భయమే అందుకు కారణం. ఆమె శరీరం, శ్రమ, ప్రతిభ కావాలి. పేరు మాత్రం అక్కర్లేదు.

పాతికేళ్లు నిండకుండానే ఆమె రంగస్థలం విడిచి కలం పట్టారు. కవితలు రాశారు. 1912లో ఆత్మకథ 'ఆమార్ కథా' వెలువరించారు. గురువు గిరీశ్ చంద్ర రాసిన ముందుమాటలో నిజాలన్నీ లేవని తిప్పి పంపగలిగిన రచయిత్రి ఆమె.

ఇంత చేసినా కూతురు శకుంతలను బడిలో చేర్చలేకపోయారు. తల్లి పుట్టుక అడ్డొచ్చింది. ఆ బిడ్డ చిన్ననాడే కన్నుమూసింది.

ఇది కలకత్తా కథే కాదు. దళిత స్త్రీలను బలిగొన్న జోగినీ దురాచారాన్ని మన దగ్గర 1988 చట్టం నిషేధించింది. అయినా జోగినుల పిల్లలకు దరఖాస్తులోని 'తండ్రి పేరు' గడి అవమానంగానే మిగిలింది. బినోదిని నిలబెట్టిన భవనం నేడు లేదు. ఇప్పుడు ఆమె పేరు పెట్టింది తర్వాత హాతీబాగాన్‌లో కట్టిన థియేటర్‌కు. నటికి నివాళిగా బోర్డు సరిపోవచ్చు. రచయిత్రికి నివాళి అర్పించాలంటే ఆమె రాసింది చదవాలి, శకుంతలకు మూసిన తలుపును ఈనాటి పిల్లలకైనా తెరవాలి.